రెండో సూది

కోడలు ఫ్యాక్టరీలో చొక్కాలకి కాలర్లు కుడుతుంది. ఎనిమిదో నెల నిండకుండానే, మిషన్ ముందు కూర్చుని ఉండగానే నొప్పులు మొదలయ్యాయి. ఎప్పుడూ చూపించుకునే పెద్దాసుపత్రి ఊరికి ఆ చివర ఉంది. సూపర్‌వైజరు కంగారుపడి దగ్గర్లో ఉన్న నర్సింగ్‌హోమ్‌లో చేర్చాడు. మొగుడు లారీతో ఎక్కడో దారిలో ఉన్నాడు. కబురందుకున్న అత్తగారు ఆయాసపడుతూ వచ్చింది.

"ఇంతకుముందు జబ్బులేమైనా ఉన్నాయా?" నర్సు కోడల్ని అడిగింది.

"మా పిల్లకి జబ్బేంటమ్మా, గుండ్రాయిలా ఉంటేనూ!" అంది అత్తగారు. ఆ ఇంట్లో ఎవరినేం అడిగినా జవాబు ఆవిడదే. కూరగాయలవాడు కోడల్ని బాగున్నావా అన్నా ఆవిడే బాగుందని చెప్పాలి.

కోడలు పక్కకి తిరిగింది, వెల్లకిలా పడుకుంది, మళ్ళీ లేచి కూర్చుంది. ఏళ్ళ తరబడి ఆమె రక్తంలో హెపటైటిస్ బి ఉంది. ఆ సంగతి మొగుడికీ, పెద్దాసుపత్రి డాక్టరుకీ మాత్రమే తెలుసు. కాన్పు ముందే రావచ్చని ఆ డాక్టరు ఇదివరకే హెచ్చరించింది. పుట్టగానే బిడ్డకి రెండు సూదులు పడాలనీ, ఆలస్యమైతే జబ్బు బిడ్డకి అంటుకుని జీవితాంతం ఉండిపోవచ్చనీ చెప్పింది. ఇక్కడ నోరు విప్పితే అత్తగారికి తెలిసిపోతుంది. తెలిస్తే తన బట్టలు వీధిలో పడతాయని కోడలి భయం.

నర్సు గుమ్మం దాటబోయింది.

"సిస్టర్! నాకు హెపటైటిస్ బి ఉంది. బిడ్డకి సూదులు తెప్పించండి," అనేసింది ఒక్క గుక్కలో.

"ఒకటి ఇక్కడే ఉంది. రెండోది పెద్దాసుపత్రి నుంచి తేవాలి," అంది నర్సు.

అత్తగారు కోడలివైపు గిరుక్కున తిరిగింది. "వాడికి తెలుసా?"

"తెలుసత్తయ్యా."

"అంటే నేనొక్కదాన్నే పరాయిదాన్నా!" ఆవిడ విసురుగా బయటికి పోయింది. ఇక రాదనుకుని కోడలు వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆడపిల్ల పుట్టింది, పిడికెడంత. మొదటి సూది వేశారు. రెండోదాని జాడ లేదు. కోడలు తలుపువైపు చూడటం, పిల్లవైపు చూడటం, మళ్ళీ తలుపువైపు చూడటం.

అత్తగారు తలుపు తోసుకుని వచ్చింది. జుట్టంతా చెదిరిపోయింది, చేతిలో ఐసు డబ్బా ఉంది. అది నర్సు చేతిలో పెట్టి, చేతులు కడుక్కొచ్చి, పిల్ల కాలు కదలకుండా పట్టుకుంది.

"కానియ్యమ్మా," అని నర్సుతో అని, మొహం కోడలివైపు తిప్పింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నీ సంగతి తర్వాత చెప్తా."