దూది గది

వంటింటి సింకులో పుక్కిలించొద్దని భార్య, బాత్రూమ్ దాకా వెళ్లేసరికే ఆయాసం వస్తోందని భర్త, పొద్దున్నే మాటా మాటా అనుకున్నారు. తోమిన గిన్నెల మీద నీళ్లు చిందుతున్నాయని ఆమె బాధ. మందు పీల్చాక నోరు కడుక్కోమన్నది డాక్టరే కదా, మధ్యలో నన్నంటావేం అని ఆయన.

"నా గిన్నెల్లో కడుక్కోమన్నాడా మీ డాక్టరు?"

ఆయన నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు తెమిలేదాకా పోట్లాట ఆగింది.

పరుపులు చేసి అమ్మే ఇల్లు అది. ముందు గదిలో కూతురు గలేబులు కుడుతుంది. వెనక గదిలో దూది ఏకే మిషన్. పెళ్లయిన నాటి నుంచీ ఆయన్ని ఆమె ఎక్కువగా చూసింది దాని ముందే. ఊపిరి గొట్టాలు బిగుసుకుపోయాయని, ఒంట్లో బాగున్న రోజు కూడా ఇన్‌హేలర్ మానకూడదని డాక్టరు చెప్పాడు. పీల్చిన మరుక్షణం మంత్రం వేసినట్టు తేలికపడే మందు కాదది. పూటంతా గొట్టాల్ని తెరిచి ఉంచుతుంది, అంతే.

మొదట్లో ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఆయన వీధి చివరిదాకా కబుర్లు చెబుతూ నడిచాడు. మర్నాడే మళ్లీ దూది గదిలో చేరాడు. ఊపిరాడుతున్నప్పుడు కాక పని ఇంకెప్పుడు చేస్తానన్నాడు. మందు తెరిచిన దారిలోకే దూది నుసి పోతోందని ఆమె మొత్తుకుంది. మిషన్ వదిలించుకుందామంటే మాట దాటేసేవాడు.

మొన్న గొట్టంలోకి ఊదించి చూసి డాక్టరు తేల్చేశాడు. పోయిన ఊపిరి ఏ మందుకూ తిరిగి రాదు. మిగిలిన కాస్తా నిలవాలంటే ఆ గది గడప తొక్కకూడదు. ఆయన ఆ మాటకు ఊ అనలేదు, ఊహూ అనలేదు. ఆ 'ఊ' కోసమే ఆమె కాచుకుని ఉంది.

మధ్యాహ్నం ముగ్గురూ భోజనాలకు కూర్చున్నారు. ఆయన కంచంలోంచి తలెత్తకుండానే చెప్పాడు.

"రేపట్నుంచి నేను ఆ గదిలోకి వెళ్లను."

ఆయన అడక్కుండానే ఆమె ఇంకో గరిటెడు కూర వడ్డించింది. మిషన్ కొనేవాళ్లెవరైనా ఉన్నారేమో కనుక్కోమంది. ఆయన కూతురి వైపు చూశాడు.

"అమ్మడం లేదమ్మా. నాన్నా నేనూ అనుకున్నాం," అంది కూతురు, అన్నం కలుపుకుంటూ. "గలేబులు నువ్వు కుట్టు. రేపట్నుంచి మిషన్ దగ్గర నేను కూర్చుంటా."