మునివెంకటప్ప నడిపిన కారు

చింతామణిలో ఆ పచ్చరంగు విలాయతి కారును ముఖం మీదే తిట్టగలిగిన మనిషి మెకానిక్ మునివెంకటప్ప ఒక్కడే. ఇరవై రెండేళ్లుగా దానికి వైద్యం చేస్తున్నవాడు అతనే మరి. దానికి రెండే సీట్లు. నేలకు జానెడెత్తు. రోడ్డు మీది ప్రతి స్పీడు హంపు దగ్గరా కడుపు గీరుకునేది. ఎండాకాలంలో ఇంజను వేడికి కాళ్లు ఉడికిపోయేవి. చిన్న రబ్బరు వాషరు కావాలన్నా సముద్రాలు దాటి రావాల్సిందే.

"పాత ఇనుమోళ్లకి ఇచ్చేయండి సామీ" అనేవాడు. కారు యజమాని వాసుదేవమూర్తి, రిటైరైన సంస్కృతం లెక్చరరు, నవ్వి ఊరుకునేవారు.

ఈ ఏడాది ఆయన చూపు మందగించింది. ఇక స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు కంటి డాక్టరు. బాగేపల్లి దగ్గర రిసార్టు కడుతున్న రవీంద్ర కారు కొంటానన్నాడు.

"ఆడిదాకా నువ్వే నడపాల మునివెంకటప్పా. ఇంకొకరి చేతికి ఇయ్యలేను" అన్నారు మూర్తిగారు.

షెడ్డు నుంచి పెట్రోలు బంకు దాకా తప్ప మునివెంకటప్ప దాన్నెప్పుడూ నడిపి ఎరగడు. ఊరు దాటి చేలూరు దారి పట్టాక రోడ్డు ఖాళీ అయింది. రెండు వైపులా టమాటా తోటలు, నెత్తిన ఆకాశం. టైర్ల కింది కంకర అరచేతులకు తెలుస్తోంది. మలుపు తిరిగితే కారు కాదు, తన నడుమే తిరిగినట్టుంది. ఇన్నేళ్లూ దీని జబ్బులు చూశాను గానీ నడక చూడలేదు కదా అనుకున్నాడు.

పక్కన మూర్తిగారు కళ్లు మూసుకుని ఉన్నారు. "మూడో గేరుకి రా" అన్నారు.

"మీకెట్ల తెలిసె సామీ?"

"ఇంజను అడుగుతాండాది కదా."

రిసార్టు గేటు పక్కన అప్పటికే సిమెంటు దిమ్మె కట్టి ఉంది. రవీంద్ర మర్యాదగా ఎదురొచ్చి దాన్ని చూపించాడు. "ఈడ నిలబెడతామప్పా. చుట్టూ అద్దాలు బిగిస్తాం. ఎండా వానా తగలవు. వచ్చినోళ్లు ఫోటోలు దిగుతారు."

"మంచిదే. సుఖంగా ఉంటాది" అన్నారు మూర్తిగారు మెల్లగా.

మునివెంకటప్ప తాళంచెవి ఇవ్వలేదు. "మీరు దీన్ని నడపరా?" అని అడిగాడు.

"యాడ నడిపేదప్పా? తొందరగా వేడెక్కుతాదని ఫోన్లో మీరే చెప్తిరి కదా."

అది నిజమే. అయినా మునివెంకటప్ప, "కదలకుండా నిలబెడితే రబ్బర్లన్నీ ఎండిపోతాయి. బ్రేకులు పట్టుకుపోతాయి. మళ్లీ నేను కూడా లేపలేను" అన్నాడు.

"లేపే పనేముండాది?" అన్నాడు రవీంద్ర. ఆ మాటలో వెటకారమేమీ లేదు.

మునివెంకటప్ప మూర్తిగారి వైపు తిరిగాడు. "సామీ, మీ సొత్తు, మీ ఇష్టం. ఒక్క మాట చెప్తా. ఆదివారం నాకు షెడ్డు పని లేదు. నేను నడుపుతా. మీరు గేరు చెప్పండి."

మూర్తిగారు చేత్తో కారు తలుపు తడిమారు. "దీని లోపాలన్నీ నీకంటే తెలిసినోళ్లు లేరు. నువ్వా ఈ మాటనేది?"

"తెలిసే అంటాండాను."

మూర్తిగారు రవీంద్ర చేతులు పట్టుకుని, కారు అమ్మలేనని చెప్పి క్షమించమన్నారు. రవీంద్ర ముఖం చిన్నబోయింది. అయినా ఇద్దరికీ కాఫీ ఇప్పించి, కారు పక్కన నిలబడి ఒక ఫోటో దిగి వాళ్లను సాగనంపాడు.

ఇప్పటికి ఏడు ఆదివారాలు గడిచాయి. ఒకసారి గౌరిబిదనూరు దాకా వెళ్లొచ్చారు. ఒకసారి దిబ్బూరహళ్ళి దగ్గర కారు మొరాయిస్తే ట్రాక్టరుకు తాడు కట్టి లాగించుకున్నారు. తాడు విప్పుతూ ఆ ట్రాక్టరు అతను అడిగాడు, "ఏముండాదని ఇంత అవస్థ పడతాండారప్పా?"

మునివెంకటప్ప వేడి గురించీ, వాషర్ల గురించీ, హంపుల గురించీ ఏదీ దాచకుండా చెప్పాడు. చెప్పి, చేతుల మసి తుడుచుకుంటూ, "వచ్చే వారం చింతామణికి రా. ఒకసారి కూర్చుని చూడు" అన్నాడు.