కిరసనాయిల్లో నీళ్ళెవరు కలిపారు

ఇంజను మొదటిసారి దగ్గినప్పుడు పడవలో ఉన్న ఆరుగురిలో ఇద్దరికే వినిపించింది.

ఒకడు సత్యం. ఆ పడవా, ఆ ఇంజనూ వాడివి. రెండో ఆయన సుబ్బరాయుడు, సత్యం తండ్రి. ఆ దగ్గు వినగానే కొడుకు ముఖం పాలిపోయింది. తండ్రి ముఖం విప్పారింది.

దానికి కారణం ఉంది.

సుబ్బరాయుడికి ఖరగ్‌పూర్ గోల్‌బజారులో కిరాణా కొట్టు. పప్పులూ ఉప్పులూ ముందు, కిరసనాయిలు పీపా వెనక. తన తరవాత ఆ గల్లాపెట్టె దగ్గర సత్యమే కూర్చోవాలని ఆయన పట్టు. సత్యానికి గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే నిద్ర ముంచుకొస్తుంది. నిరుడు సాలువా విమానాల మైదానం దగ్గర యుద్ధం నాటి పాత సామాను వేలం వేస్తుంటే వెళ్ళి ఒక పడవ ఇంజను పట్టుకొచ్చాడు. దాన్ని విప్పాడు, బిగించాడు, మళ్ళీ విప్పాడు. చివరికి ఒక నాటుపడవకి అమర్చాడు. మే నెల వచ్చిందంటే ఖరగ్‌పూర్ పెనంలా కాలుతుంది. సాయంత్రం పూట రైల్వే కుటుంబాలను కంసావతి నది మీద చల్లగా తిప్పుతానంటే రాని వాళ్ళెవరు? ఆనకట్టకి ఎగువన ఎంత ఎండాకాలమైనా నీళ్ళు నిలిచే ఉంటాయి.

"సరే," అన్నాడు సుబ్బరాయుడు వారం కిందట. "ఆదోరం నన్నూ మీ అమ్మనీ, ఇంకో ముగ్గురు పెద్దమనుషుల్నీ ఎక్కించుకో. అవతలి ఒడ్డుకి తీసుకెళ్ళి ఇవతలికి తే. నీ ఇంజను తన లోపం వల్ల మధ్యలో ఆగినాదా, సోమారం పొద్దున్నే దాన్ని పాత ఇనప కొట్టుకి తోసేసి గల్లా కాడ కూకుంటావు. ఆగలేదా, నీ దారి నీది. పెద్దమనుషులే సాక్షులు."

ఆ సాక్షులే ఇప్పుడు పడవలో ఉన్నారు. రైల్వే ఆఫీసు హెడ్ క్లర్కు మల్లికార్జునరావు, ఆయన భార్య బాలాంబ, గుడి పూజారి సోమయాజులు. సత్యం తల్లి కన్యకాంబ పట్టుచీర కట్టుకుని పడవ మధ్యలో కూర్చుంది. పొద్దున్న ఒడ్డున ఇంజనుకి పూజ చేయించింది ఆవిడే. బొట్టు పెట్టి, దండ వేసి, నిమ్మకాయ కట్టి, హారతి ఇచ్చి, అందరికీ తీర్థం ఇప్పించాకే పడవ కదలనిచ్చింది.

అవతలి ఒడ్డుకి బాగానే వెళ్ళారు. తిరుగు ప్రయాణంలో, సరిగ్గా నది నడిమధ్య, ఇంజను రెండోసారి దగ్గింది. ఈసారి అందరికీ వినిపించింది. మూడోసారి దగ్గలేదు. ఆగిపోయింది.

నది ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

"ముహూర్తంలో లోపం లేదు," అన్నాడు సోమయాజులు, ఎవరూ అడక్కుండానే.

"ఉన్నాదని నేనన్లేదే," అన్నాడు సుబ్బరాయుడు హాయిగా. "ఒరే సత్యం, రేపు కొట్టు ఆరింటికి తెరవాల. మరిసిపోకు."

సత్యం ఇంజను మీదకి వంగాడు. హ్యాండిల్ పట్టుకుని తిప్పాడు. తిప్పి తిప్పి చొక్కా తడిసిపోయింది. ఇంజను బుస్సుమని గాలి వదిలింది తప్ప అందుకోలేదు.

"ఇక్కడ లోతు ఎంత ఉంటుందండీ?" అంది బాలాంబ, భర్త చెయ్యి పట్టుకుని.

"అడగకు," అన్నాడు మల్లికార్జునరావు. ఆయనకి ఈత రాదు. సోమయాజులు కళ్ళు మూసుకుని విష్ణు సహస్రనామం అందుకున్నాడు.

నూరో నామం దాటకముందే నీళ్ళలో చప్పుడైంది. నెత్తిన వల పెట్టుకున్న ఒక బెంగాలీ జాలరి నది మధ్యలో నడుచుకుంటూ వస్తున్నాడు. నీళ్ళు అతని నడుము దాకా ఉన్నాయి.

"కీ హోలో దాదా?" అని అడిగాడు, ఏమైందన్నట్టు.

"కిచ్ఛు నా, కిచ్ఛు నా," అన్నాడు సత్యం, ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపుతూ. జాలరి పడవలో ఉన్న పెద్దమనుషులను ఒకసారి చూసి, తల ఊపి, అలాగే నడుచుకుంటూ అవతలి ఒడ్డుకి వెళ్ళిపోయాడు.

సోమయాజులు సహస్రనామం అక్కడితో ఆపేశాడు.

సత్యం హ్యాండిల్ వదిలేసి పనిలోకి దిగాడు. ఆ ఇంజను పెట్రోలుతో మొదలై, వేడెక్కాక కిరసనాయిలు మీద నడిచే రకం. కిరసనాయిలు టాంకీ కుళాయి కట్టేసి, కార్బురేటర్ అడుగున ఉండే చిన్న గిన్నె విప్పాడు. బాలాంబ దగ్గర ఖాళీ అయిన మంచినీళ్ళ గాజుసీసా తీసుకుని, గిన్నెలో ఉన్నది అందులో పోసి వెలుతురుకి ఎత్తి పట్టాడు.

సీసాలో గీత గీసినట్టు రెండు పొరలు. పైన కిరసనాయిలు. కింద ఇంకేదో.

"నీళ్ళు," అన్నాడు సత్యం. "కిరసనాయిల్లో నీళ్ళున్నాయి. ఇంక ఇంజను ఏటి సేస్తాది?"

మల్లికార్జునరావు ముందుకు వంగాడు. ఆఫీసులో ఏ కాగితం ఆగినా అది ఎవరి టేబుల్ మీద ఆగిందో తేల్చందే నిద్రపోని మనిషి ఆయన.

"ఆగు బాబూ. ఆర్డర్లో వద్దాం. ఇంజనులో లోపం లేదు. ఆయిల్లో ఉంది. అంతేనా?"

"అంతేనండి."

"ఆయిలు ఎక్కడిది?"

సత్యం తండ్రి వైపు చూశాడు. అందరూ అటే చూశారు.

సుబ్బరాయుడి ముఖంలో హాయి ఎటు పోయిందో పోయింది.

"మన కొట్లోదే," అన్నాడు సత్యం మెల్లగా. "పొద్దున్న పీపాలోంచి తెచ్చినాను."

"అదా సంగతి," అంది బాలాంబ. "మా లాంతరు చిటపటలాడుతోంటే నేను వత్తి మంచిది కాదనుకున్నాను. ఈ ఏడాదిలో ఎన్ని వత్తులు మార్చానో."

"అమ్మా, మాట జాగర్తగా రానీండి," అన్నాడు సుబ్బరాయుడు. "గోల్‌బజారంతా తిరిగి అడగండి. నా సరుకులో సుక్క నీరుందని ఎవడైనా అంటాడేటి?"

"అనడానికి ఇప్పటిదాకా ఎవరూ సీసాలో పోసి చూడలేదు కదండీ," అన్నాడు మల్లికార్జునరావు. "సరే, లోతు నడుము దాకానే. దిగి నడిచి పోదాం. మిగతాది ఊళ్ళో మాట్లాడుకుందాం." పంచె ఎగ్గట్టడం మొదలుపెట్టాడు.

ఊళ్ళో మాట్లాడుకుందాం. ఆ ఒక్క ముక్క చాలు సుబ్బరాయుడికి. ఈయన ఇప్పుడు ఒడ్డెక్కితే రాత్రికి రైల్వే కాలనీ అంతా తెలుస్తుంది. తెల్లారేసరికి సుభాష్‌పల్లి దాకా పాకుతుంది. రేపు కొట్లో కొడుకు కూర్చున్నా, తను కూర్చున్నా కొనేవాడు ఉండడు.

ఆయన లేచి పడవకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎవరూ దిగడానికి లేదు."

"అదేమిటండీ?"

"నీళ్ళు ఎలా వచ్చినాయో తేలేదాకా ఎవరూ దిగడానికి లేదు. మీరు సాక్షులు. సాక్షులు మధ్యలో పోకూడదు. ఒరే, ఆ రబ్బరు గొట్టం ఇటు తే. ఖాళీ డబ్బా తే."

"మీకెందుకు నాన్నా, నేను సూస్తాను."

"కిరసనాయిలు సంగతి నాకు సెప్తావేటిరా నువ్వు? కూకో."

ఆయన ఉత్తరీయం తీసి నడుముకి బిగించాడు. "ఇప్పుడు అందరూ కదలకండి. పీపా కదిపితే అడుగున ఉన్నదంతా లేస్తాది. కదపకపోతే దేని సోటు దానిది. కొట్లో నేను రోజూ సేసే పనే ఇది. పంతులుగారూ, ఆ కాలు ఊపకండి. రావు గారూ, కొంచెం మెల్లగా ఊపిరి తీయండి."

హెడ్ క్లర్కు ఊపిరి బిగబట్టాడు. పడవ ఊగడం తగ్గింది. ఎండ మాడుస్తోంది. దూరంగా వంతెన మీద ఒక గూడ్సుబండి తాపీగా వెళ్ళిపోయింది.

సుబ్బరాయుడు గొట్టం కొస టాంకీలో పైపైన ముంచి, రెండో కొస నోట్లో పెట్టుకుని ఒక్క పీల్పు పీల్చాడు. నోట్లోకి వచ్చింది నదిలో ఉమ్మి, గొట్టం డబ్బాలో పెట్టాడు. కిరసనాయిలు సన్నని ధారగా దిగింది. సీసాలో ఉన్నది ఒంపేసి, కొంచెం అందులో పట్టి మల్లికార్జునరావు ముక్కు ముందు ఆడించాడు.

"సూడండి. ఒక్కటే పొర. ఇదీ నా సరుకు."

"పైన బాగుందండీ. అడుగున ఏముందో?"

"అదీ సూపిస్తాను."

పైదంతా తీసేశాక టాంకీ ఊడదీయించి, అడుగున మిగిలింది కన్యకాంబ పూజ పళ్ళెంలోకి ఒంచాడు. ఒంచి, అలాగే వంగి ఉండిపోయాడు.

నీళ్ళు పచ్చగా ఉన్నాయి. వాటిలో నాలుగు అక్షతలు, రెండు తులసి ఆకులు తేలుతున్నాయి.

సుబ్బరాయుడు పళ్ళెం ఎత్తి వాసన చూశాడు. ఆయన కళ్ళు మెరిశాయి.

"రావు గారూ, ఇది పసుపు నీళ్ళండి. పచ్చకర్పూరం కూడా ఉన్నాది. నేను నీళ్ళు కలపాలంటే కుళాయి నీళ్ళు కలుపుతాను గాని పచ్చకర్పూరం ఎక్కడ తేగలను?"

"అంటే కుళాయి నీళ్ళు కలుపుతారన్నమాట," అంది బాలాంబ.

"మాటవరసకి అన్నానమ్మా."

అప్పటికే అందరి చూపులూ సోమయాజులు మీదకి మళ్ళాయి. ఆయన రెండు చేతులూ ఎత్తాడు. "కలశం కన్యకాంబమ్మగారి చేతికిచ్చాను. అంతవరకే నాకు తెలుసు."

కన్యకాంబ పట్టుచీర కొంగు సర్దుకుంది. ఆవిడ ముఖంలో కంగారు ఏమీ లేదు.

"ఏటే," అన్నాడు సుబ్బరాయుడు, "కలశంలో నీళ్ళు ఏటి సేసినావు?"

"ఏటి సేస్తాను, ఇంజనుకి తీర్థం ఇచ్చినాను."

పడవలో ఎవరూ కదల్లేదు. ఈసారి ఎవరూ చెప్పకుండానే.

"అందరం పుచ్చుకున్నాం," అంది ఆవిడ. "పూజేమో దానికి. తీర్థం మాత్రం మనకా? మూత తీసి ఉన్నాది. నోరు తెరుసుకుని అడుగుతున్నట్టుంటే పోసినాను."

"నూనె పొయ్యడానికి మూత తీసినానమ్మా," అన్నాడు సత్యం నీరసంగా.

"ఎంత పోసినావు?" అన్నాడు సుబ్బరాయుడు.

"ఉద్ధరిణెడు దానికి ఏ మూలకండీ? చెంబుడూ పోసినాను. ఈ ఊరొచ్చిన కాణ్ణించి సూస్తన్నాను, స్టేషన్లో ఇంజన్లకి ఏనుగు తొండమంత గొట్టం పెట్టి నీళ్ళు పడతారు. అవి తాగే కదా కలకత్తా దాకా పోతన్నాయి. ఇదొక్కటే నీళ్ళు తాక్కూడదని నాకెవరు సెప్పినారు?"

మల్లికార్జునరావు తల ఊపాడు. రైల్వే మనిషి కదా, ఆవిడ మాటలో అబద్ధం ఆయనకీ కనపడలేదు.

సత్యం పళ్ళెం నదిలో ఒంచబోయాడు.

"ఆగు నాయనా," అన్నాడు సోమయాజులు. "అది తీర్థం."

"నది కదండీ పంతులుగారూ."

"వట్టి తీర్థమైతే నదిలో కలపవచ్చు. కిరసనాయిలు కలిసిన తీర్థానికి ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు. ఇంటికి తీసుకెళ్ళి తులసి మొదట్లో పొయ్యండి."

"నా తులసమ్మకి కిరసనాయిలు పోస్తారా?" అంది కన్యకాంబ. "ససేమిరా."

ఆఖరికి ఆ నీళ్ళు గాజుసీసాలో పోసి, సంగతి తేలేదాకా దాచమని మల్లికార్జునరావు చేతికిచ్చారు. ఆయన దాన్ని సర్కారు దస్తావేజులా రెండు చేతులతో పట్టుకున్నాడు.

సత్యం గిన్నె తుడిచాడు. గొట్టాలు ఊదాడు. ప్లగ్గు విప్పి ఆరబెట్టాడు. మంచి కిరసనాయిలు మళ్ళీ టాంకీలో పోశాడు. అన్నీ బిగించి, పెట్రోలు తిప్పి, హ్యాండిల్ అందుకున్నాడు. పొద్దుట్నించీ తిప్పిన చెయ్యి. రెండుసార్లు తిప్పేసరికి పట్టు జారింది.

"తప్పుకో," అన్నాడు సుబ్బరాయుడు. నలభై కిలోల బియ్యం బస్తాలు ఎత్తిన చేతులు ఆయనవి. హ్యాండిల్ పట్టుకుని ఒక్క ఊపు ఊపాడు.

ఇంజను అందుకుంది.

పడవ ఒళ్ళంతా దడదడలాడింది. కాసేపటికి సత్యం కిరసనాయిలు కుళాయి తిప్పాడు. అందరూ చెవులు రిక్కించారు. దగ్గు లేదు. చప్పుడు ఇంకా నున్నగా మారింది.

"విన్నారా రావు గారూ," అని అరిచాడు సుబ్బరాయుడు ఆ మోతలో. చెమటతో, కిరసనాయిలుతో ఆయన ముఖం మెరిసిపోతోంది. "అదీ నా సరుకు. వెన్నలా నడుస్తన్నాది."

"వింటున్నానండీ. ఇంజనులో మాత్రం ఏ లోపమూ లేదని మీరూ ఒప్పుకున్నట్టే కదా?"

సుబ్బరాయుడు అప్పుడు ఆగాడు. ఇంజనులో లోపముంటే కొడుకు కొట్లో కూర్చుంటాడు. కాని నీళ్ళ వల్లే ఆగిందని తనే ఇందాకటి నుంచి రుజువు చేస్తూ వచ్చాడు. సరుకు నిర్దోషి అయితే ఇంజనూ నిర్దోషే. మరి తప్పెవరిదని తేల్చాలి? ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ తాపీగా ఆయన వైపే చూస్తోంది. రాత్రికి అన్నం వడ్డించేది ఆవిడే.

"తప్పు ఆ మూతది," అన్నాడు గట్టిగా. "దానికో గొలుసు ఉండాల. ఇంజను మంచిదే."

"సాక్షులం విన్నాం," అన్నాడు హెడ్ క్లర్కు, సీసా గుండెకి హత్తుకుని.

ఒడ్డెక్కాక సత్యం తండ్రి పక్కకి వచ్చి అడిగాడు. "మరి రేపు కొట్టు ఆరింటికేనా నాన్నా?"

"నువ్వెందుకురా కొట్లో? కొనేవాళ్ళని నిద్ర మొహంతో తరిమెయ్యడానికా?" అన్నాడు సుబ్బరాయుడు. "రోజూ సాయంత్రం డబ్బా తీసుకురా, నూనె నేను పోస్తాను. ఇంకెవడి కొట్లో అయినా కొన్నావో, కాళ్ళు ఇరగ్గొడతాను."

మరుసటి ఆదివారం పడవ ఎక్కడానికి రైల్వే కాలనీ జనం వరసలో నిలబడ్డారు. పడవ పక్కన తెలుగులో, బెంగాలీలో ఎర్రరంగు అక్షరాలు మెరుస్తున్నాయి: ఈ ఇంజను సుబ్బరాయుడు కొట్టు కిరసనాయిలుతో నడుచును.

కన్యకాంబ కలశం పట్టుకుని వచ్చింది. పూజ అయింది. హారతి అయింది. తీర్థం ఇచ్చే వేళకి సుబ్బరాయుడు వెళ్ళి టాంకీ మీద కూర్చున్నాడు. గొలుసు కట్టిన మూత మీద తన రెండు అరచేతులూ బోర్లించాడు.

"పొయ్యవే," అన్నాడు. "నా నెత్తి మీదైనా పొయ్యి."

ఆవిడ చెంబెత్తి పోసింది.