పిల్లకు తగ్గింది

దిండు గలీబులు వేడినీళ్లలో నానబెడుతూనే సుచరిత కూర్చున్నచోట తూగింది. "పొద్దున్నే ఏం కునుకమ్మా, ఇంటికి దరిద్రం," అంది అత్త వెంకటసుబ్బులమ్మ.

ఎండలు ముదిరినప్పటి నుంచి ఏడేళ్ల కూతురు శివానికి కళ్ల అలర్జీ. నిద్రలోనే కళ్లు నలిపేసుకునేది. రుద్దితే నల్లగుడ్డు దెబ్బతింటుందని డాక్టరమ్మ హెచ్చరించింది. అందుకే సుచరిత పిల్ల మణికట్లు రెండూ పట్టుకుని పడుకునేది. పడుకోవడమంటే మేలుకుని ఉండడమే. కంట్లో మందు చుక్కలు వేస్తే పిల్ల ఏడ్చేది. పక్కగదిలోంచి భర్త జీవన్ కుమార్, "ఏంది ఆ గోల? పొద్దున నేను డ్యూటీకి పోవద్దా?" అనేవాడు. డ్యూటీకి తనూ పోవాలి. ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. బోర్డు మీద సగం లెక్క రాసి నిలబడే కునికిన రోజు, హెడ్మాస్టరు పిల్లల ముందే, "ఇంట్లో నిద్రపోయి రండి మేడం," అన్నాడు. పిల్లలు నవ్వారు. ఇంట్లో ఎక్కడ సార్, అని అడగాలనిపించి ఊరుకుంది.

చుక్కలు పనిచేశాయి. శనివారం దర్శి నుంచి ముగ్గురూ మార్కాపురం వెళ్లి మళ్లీ చూపించారు. "ఇప్పుడు నిద్ర ఎలా ఉంది?" అని డాక్టరమ్మ అడిగితే జీవన్ కుమారే అందుకున్నాడు.

"బాగుంది మేడం. మొన్నటిదాకా ఇంటిల్లిపాదికీ నిద్ర లేదు."

"నువ్వు నిద్రపోయినావు కదా నాయనా," అంది శివాని. "అమ్మే పోలేదు. ఇప్పుడు గూడా పోదు. నా చేతులు పట్టుకోనే ఉంటాది."

అతను నవ్వేశాడు. డాక్టరమ్మ నవ్వలేదు. "మీకెలా ఉందమ్మా?"

సుచరిత తలెత్తి చూసింది. ఆ మాట తననెవరూ అడగక ఎన్నాళ్లయిందో! పిల్ల కళ్లు తేటపడ్డాయి. తన ఒళ్లు మాత్రం ఇంకా కావలి కాస్తూనే ఉంది.

బయటికొచ్చాక చుక్కల సీసా అతని చేతిలో పెట్టింది. "పొద్దున, రాత్రి. కింది రెప్ప లాగి వెయ్యాల. నేను గిద్దలూరు అక్క దగ్గరికి పోతుండా."

"ఎవురికేమయింది?"

"ఎవురికీ ఏం కాలేదు."

సోమవారానికి వచ్చేస్తానని శివాని బుగ్గ నిమిరి బస్సెక్కింది. కిటికీలోంచి వెనక్కి చూడాలని మెడ తిరగబోయింది. బలవంతాన ఆపుకుంది.

అక్క రామలక్ష్మి వాకిట్లోనే కంగారుగా ఎదురొచ్చింది. "ఒక్కదానివే వచ్చినావేంది? ఏం పని పడింది?"

"నిద్రపోను వచ్చినానక్కా."