మితాహారపు దోమలు

రెండు మున్సిపాలిటీలను కలిపేశారు. చెత్తబళ్ళు, వీధిదీపాలు పేచీ లేకుండా కలిసిపోయాయి. చిక్కంతా దోమల గదుల దగ్గరే వచ్చింది. కొట్టే మందు పనిచేస్తోందో లేదో చూడడానికి రెండు ఊళ్ళలోనూ దోమల్ని పెంచే గదులున్నాయి మరి. ఇవతలి ఊరి గదికి అధికారి దోమలమ్మ. ఆ పేరు ఆఫీసు పెట్టింది, ఆవిడా కాదనలేదు. అవతలి ఊరి గది ఆవిడ మొగుడిది.

ఒక్కటే ఉంచుతామన్నాడు కమిషనరు. ఒకే మందు కొడితే మొగుడి దోమలు టపటపా రాలాయి, ఆవిడవి సగం లేచి ఎగిరాయి. "చావని దోమల గది మనకెందుకమ్మా?" అన్నాడు.

దోమలమ్మకు ఒళ్ళు మండింది. చేతులారా పెంచుకున్న గది! అయినా భయపడలేదు. తన దోమల సంగతి తనకు తెలుసు.

ఆ సాయంత్రం మొగుడు అలవాటు ప్రకారం సగం తిని కంచం జరిపాడు. "మితంగా తింటేనే ఆరోగ్యమోయ్. మా పిల్లలకీ అదే అలవాటు చేశా."

"మన పిల్లలకా? వాళ్ళు గిన్నెలు నాకేస్తుంటేనూ!"

"దోమపిల్లలకి. తొట్టెకి చిటికెడు చేపలమేత, అంతే."

దోమలమ్మ నవ్వబోయి ఆగిపోయింది. "ఏమండీ, రేపు మన గుడ్లు మార్చుకుందాం. మీవి నేను పెంచుతా, నావి మీరు పెంచండి."

మార్చుకున్నారు. ఆయన చిటికెడు మేతతో పెరిగిన ఆవిడ దోమలు బక్కచిక్కి, మందు తగలగానే రాలిపోయాయి. ఆవిడ దగ్గర కడుపునిండా తిన్న ఆయన దోమలు కమిషనరు ముక్కు ముందే ఎగిరాయి.

"ఊళ్ళో దోమలు పథ్యం చేయవు సార్. మురుక్కాలవలో సుష్ఠుగా తింటాయి. ఈ మందు ఆకలితో ఉన్నవాటినే చంపుతోంది," అంది దోమలమ్మ.

కమిషనరు నోరు తెరిచేలోపే మొగుడు లేచాడు. "మూయాల్సింది నా గది సార్. మందు కూడా మార్చండి."

గెలిచినందుకు ఆవిడ గుండె ఉప్పొంగింది. ఆయన్ని చూస్తే జాలీ వేసింది, ముద్దూ వచ్చింది.

మరుసటి వారం ఆయన ఆవిడ గదిలో చేరాడు. ఆవిడ మేతడబ్బా చేతికిచ్చి, "తొట్టెకి రెండు చెంచాలు," అంది. ఒకటి వేసి ఆగాడు. ఆవిడ చూసిన చూపుకి రెండోదీ వేశాడు.

మధ్యాహ్నం ఆయన క్యారియర్ అడుగుదాకా ఊడ్చి తినేశాడు.

"ఇదేం వింతండీ?"

"నీ గదిలో బతకాలి కదోయ్!"