ఇత్తడి పొడి

పోర్టు వైపు నుంచి వచ్చే నల్లదుమ్ము కంచరపాలెంలో ఎవరినీ వదలదు. పదకొండేళ్లుగా బాల్కనీ ఊడుస్తున్న కుసుమకుమారికి దాని రంగు, బరువు అన్నీ తెలుసు. అందుకే ఆ బుధవారం పొద్దున్న చీపురు కింద పసుప్పచ్చగా ఏదో తళుక్కుమంటే ఆగిపోయింది. చిటికెడు పొడి. అంతకంటే లేదు.

"ఏటమ్మా, సీపురట్టుకుని నిద్దరోతన్నావా? టీ నీళ్లెట్టు," అంది లోపల్నుంచి అత్తగారు సన్యాసమ్మ.

కుసుమ ఆ పొడిని నల్లదుమ్ముతో కలిపి చేటకెత్తి పారబోసింది.

కారు తాళం తిరగనన్నది కూడా ఆ రోజే.

అచ్యుతాపురంలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో ఆమెకి సూపర్‌వైజర్ ఉద్యోగం వచ్చింది. సోమవారం ఆరున్నరకల్లా గేటు దగ్గరుండాలి. ఆ వేళకి బస్సు అందదు. పాత కారు వాకిట్లో ఉంది, డ్రైవింగ్ నేర్చుకుంది, లైసెన్సూ ఉంది. మొగుడు ఎల్లారావు వద్దంటాడేమోనని వారం రోజులు మాటలు కూడగట్టుకుంది. తీరా అడిగితే అతను నవ్వాడు. "నానొద్దన్నానా? ఎల్లు. ఇదిగో, రెండో తాళం నీ దగ్గరే ఉంచుకో." అంత తేలిగ్గా ఒప్పుకోవడమే ఆమెకి ఎందుకో మింగుడు పడలేదు.

ఇప్పుడా తాళం లోపలికి దూరుతుంది, అంతే. స్టీరింగు అటూ ఇటూ ఊపుతూ తిప్పి చూసింది. అత్తగారి మాట విని కొబ్బరినూనె పోసింది. సాయంత్రం ఎల్లారావు డ్యూటీ నుంచి వచ్చి, తన జేబులోని తాళం పెట్టి ఒక్క తిప్పుకి స్టార్ట్ చేశాడు.

"సూసావా? తాళంలో ఏటీ లేదు. సేతిలో ఉంటాది."

"పోనీ, సోమవారానికి మీ తాళం ఇవ్వండి."

"ఇదీ అరగ్గొట్టెత్తావేటి?" అన్నాడు నవ్వుతూనే. "అప్పన్నసామికి దండమెట్టుకో, నీ సెయ్యి దారికొస్తాది," అని అత్తగారు అందుకుంది.

ఆ రాత్రి అంట్లు తోముతూ తన చేతినే చూసుకుంది కుసుమ. గ్యాసు బండ దొర్లించే చెయ్యి ఇది. బిగుసుకుపోయిన పచ్చడి సీసా మూత అతను తియ్యలేక ఇస్తే తీసిన చెయ్యి. ఇంత చిన్న తాళం దగ్గర ఎందుకు ఓడిపోతోంది? నిజంగానే తనలో ఏదో లోపముందా? మూడు రోజులు అదే ఆలోచన. కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది.

శనివారం ఎల్లారావు డ్యూటీకి, అత్తగారు గుడికి వెళ్లాక, రైలు గేటు దగ్గర గొడుగు కింద కూర్చునే తాళాల శ్రీరామ్మూర్తిని పిలుచుకొచ్చింది. ముసలాయన తాళాన్ని ఎండకి పట్టి చాలాసేపు చూశాడు.

"ఇది అరిగింది కాదమ్మా. అరిగితే అన్ని పళ్లూ అరుగుతాయి. ఇక్కడ రెండే తగ్గాయి. ఎవలో ఆకురాయెట్టి రాసారు. మంచి పనోడే."

ఎల్లారావు ఫిట్టర్. అతని చేతిలో ఇనుము చెప్పిన మాట వింటుందని తోటివాళ్లు మెచ్చుకుంటారు.

శ్రీరామ్మూర్తి ఇంకా పళ్లు కొయ్యని కొత్త తాళం తీసి, కారులో పెట్టి గట్టిగా తిప్పి, దానిమీద పడ్డ గాట్లు చూస్తూ ఆకురాయితో కొంచెం కొంచెం రాయసాగాడు. ఒళ్లో పరిచిన పేపరు మీద పసుప్పచ్చటి పొడి రాలింది.

"ఇది... ఇత్తడా?"

"పైన తెల్లపూత. లోపలంతా ఇత్తడేనమ్మా."

కుసుమ ఆ పొడిని వేలికి అద్దుకుని చూసింది. బుధవారం బాల్కనీలో ఇదే పొడిని తన చేత్తోనే ఊడ్చి పారేసింది. డ్రైవింగ్ టెస్టు రోజు పొద్దున్నే కొత్త చెప్పు తెగింది. ఇంటర్వ్యూ ముందురోజు ఫోను చచ్చిపోయింది. ప్రతిసారీ తన తలరాతే అనుకుంది. ప్రతిసారీ పక్కన కూర్చుని ఓదార్చింది ఎల్లారావే.

కారు స్టార్టయింది. వెంటనే ఆపేసి, ఇంటి తలుపు తాళం కూడా తీసిచ్చింది. లోపల్నుంచైనా బయట్నుంచైనా తాళం లేనిదే తెరుచుకోని తలుపది.

"దీనికీ ఇంకోటి చెయ్యండి."

"ఇది బాగానే ఉంది గదమ్మా?"

"ఇప్పటికి బాగానే ఉంది."

ఆదివారం సాయంత్రం ఎల్లారావు, "ఏటి, తిరిగిందా?" అని అడిగాడు.

"లేదండి."

అతని ముఖంలో ఏదో సర్దుకుని కుదుటపడటం ఆమె చూసింది. ఇన్నేళ్లూ దాన్ని జాలి అనుకుంది.

"పోన్లే, బెంగెట్టుకోకు. రేపు ఫోన్ సేసి రాలేనని సెప్పెయ్." బాల్కనీలో పేపరు పరుచుకుంటూ మళ్లీ అన్నాడు. "అన్నట్టు, నీ ఇంటి తాళం బిగుసుకుంతందన్నావు గదా. ఇలా తే, బాగుసేత్తాను."

ఆమె ఎప్పుడూ ఆ మాట అనలేదు. అయినా తాళం తెచ్చి అతని చేతిలో పెట్టింది. వంటింట్లో బియ్యం కడుగుతున్నంతసేపూ సన్నగా ఆ రాపిడి వినిపిస్తూనే ఉంది.

సోమవారం ఐదింటికి లేచింది. బాల్కనీలో పేపరు చుట్టూ పసుప్పచ్చటి పొడి. చీపురు ముట్టుకోలేదు. కొత్త తాళంతో తలుపు తీసి, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగింది. కారెక్కి తాళం పెట్టింది.

పైన బాల్కనీలో లైటు వెలిగింది.

కుసుమకుమారి తలెత్తి చూడలేదు. తాళం పట్టిన చెయ్యి తిప్పింది.