మెట్లకి కొసరు

వెల్డరు భార్యను చంపింది మునిసిపల్ ఆఫీసు మెట్లు. డాక్టర్లు గుండె అన్నారు, వయసు అన్నారు. డాక్టర్లు ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నారు. ఆమె ఆ మెట్ల మీంచి పడింది, తుంటి విరిగింది, ఆ తర్వాత మనిషి మనిషిలా లేదు, పోయింది. మధ్యలో కొన్నేళ్ళు గడిచాయన్న సంగతి అతను లెక్కలోకి తీసుకోలేదు.

ఆ భవనం కట్టేనాటికి వెల్డరు పల్లెటూరి బడిలో పలక పట్టుకుని ఉన్నాడు. చూసొచ్చిన పెద్దవాళ్ళు పెదవి విరిచారు. పెంకుల్లేవు, కమాన్లు లేవు, అగ్గిపెట్టెను అడ్డంగా పడుకోబెట్టి పుల్లలు కాళ్ళుగా పెట్టినట్టుందన్నారు. అగ్గిపెట్టె ఆఫీసు అన్న పేరే స్థిరపడింది. కిటికీల ముందు ఎండకి అడ్డంగా సిమెంటు గళ్ళు. లోపల పెద్ద హాలు, నున్నటి మొజాయిక్ నేల. హాలు నడుమ మెట్లు. వాటి కింద స్తంభం లేదు, పక్కన గోడ లేదు. రిబ్బను ముక్క గాలికి లేచి అలాగే ఆగిపోయినట్టు పై అంతస్తు దాకా వెళతాయి. రెయిలింగ్ పెడితే అందం చెడుతుందని ప్లాను గీసినాయన పెట్టనివ్వలేదట. గీసినాయన వాటి మీంచి రోజూ దిగాడా అంటే, దిగలేదు.

రోజూ దిగింది వెల్డరు భార్య. పైన జనన మరణాల సెక్షన్లో గుమాస్తా. ఆ భవనమంటే ఆమెకి ప్రాణం. పడ్డాక కూడా మెట్లని పల్లెత్తు మాట అననిచ్చేది కాదు. "తప్పు మెట్లది కాదు, నా కాలిది" అనేది.

కుంటుతూనే మళ్ళీ ఉద్యోగానికి బయల్దేరింది. అప్పుడు వెల్డరు మునిసిపాలిటీని అడిగి, ఒక ఆదివారం ఇనప పైపుతో రెయిలింగ్ చేసి బిగించాడు, దిగేవాళ్ళ కుడిచేతి వైపు. మర్నాడు సాయంత్రం ఎలా ఉందని అడిగాడు. "ఉంది" అంది. ఆమె ఇంకో ముక్క చెప్పలేదు, అతను అడగలేదు. ఆ ఇంట్లో ఉప్పుకన్నా మాటలే పొదుపు.

ఆమె పోయాక భవనానికీ రోజులు దగ్గరపడ్డాయి. కప్పు కారింది, గళ్ళు పెచ్చులూడాయి. తుమ్మితే ఊడే ముక్కు ఉంటే ఎంత, ఊడితే ఎంత అని చైర్మను కూలగొట్టి దుకాణాలు కట్టిద్దామన్నాడు. వెల్డరు బావమరిది రిటైరైన డ్రాయింగు మాస్టారు. ఆయన కమిటీ వేసి, కాళ్ళరిగేలా తిరిగి, కూలగొట్టడం ఆపించాడు. అర్జీ మీద మొదటి సంతకం వెల్డరుదే. ఆమె ఉంటే పెట్టేది, అందుకని పెట్టాడు.

మరమ్మతులు సగమయ్యాక మాస్టారు వెల్డింగు షెడ్డుకి వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"బావా, ప్రారంభించిన రోజున ఎలా ఉందో అలాగే చేస్తున్నాం. తర్వాత చేర్చినవన్నీ తీసేస్తున్నాం. చెక్క అడ్డుగోడలు, సైకిళ్ళ షెడ్డు..."

"ఆగావేం? నోట్లో నీళ్ళు పోసుకున్నావా?"

"రెయిలింగ్ కూడా."

"అసలు కంటే కొసరు ముద్దంటారు. వినలేదా?"

"అది మనవల సంగతి బావా."

"నాకు మనవలు లేరు. రెయిలింగే ఉంది."

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "నువ్వు ఉచితంగా ఇచ్చింది. నువ్వు కాదంటే కమిటీ ముట్టుకోదు."

"కాదంటున్నా. ఇంక బయల్దేరు."

మాస్టారు లేవలేదు. స్టూలు ఇంకాస్త ముందుకి జరుపుకుని, "అక్క దాన్ని ఎప్పుడూ పట్టుకోలేదు బావా," అన్నాడు. "మెట్ల అందం చెడిందని నా దగ్గర బాధపడేది. నువ్వు నొచ్చుకుంటావని నీకు చెప్పలేదు."

వెల్డరు చేతిలో సుత్తి కింద పెట్టాడు. ఆమె అనగల మాటే. ఆనాటి "ఉంది" ఇన్నాళ్ళకి అర్థమైందనుకున్నాడు.

"వేరేవాడు కోస్తే మొజాయిక్ పగులుతుంది," అన్నాడు. "నేనే కోస్తా."

కోశాడు. ఒక్క పెచ్చు లేవలేదు. పైపులు రిక్షాబండి మీద ఇంటికి తెచ్చి, పెరట్లో చిక్కుడుపాదుకి పందిరి వేశాడు. ఇనుము ఊరికే పడుంటే తుప్పు పడుతుంది.

భవనాన్ని మళ్ళీ తెరిచిన రోజు హాలు నిండా జనం. వెల్డరు వెనక వరసలో నిలబడ్డాడు. మాస్టారు అతిథులకి పై అంతస్తు చూపించి, అందరికన్నా చివర దిగుతూ సగంలో ఆగిపోయాడు. ముఖం మీద నవ్వు అలాగే ఉంది. కాళ్ళు కదలడం లేదు. కుడిచెయ్యి పక్కకి చాపి, అరచెయ్యి బోర్లించి గాలిలో తడుముతున్నాడు. మెట్ల సొగసు చూపిస్తున్నాడనుకుని కింద జనం ఫొటోలు తీశారు. ఆ చెయ్యి ఏ ఎత్తున ఉందో వెల్డరుకి తెలుసు. ఆ ఎత్తున పైపు బిగించింది తనే.

పైకెక్కి, బావమరిదికి కుడిపక్కన అంచు మీద నిలబడి భుజం అందించాడు.

"కిందికి చూడకు. నా మొహం చూడు. చూడదగ్గది కాదు, అయినా చూడు."

ఒక్కో మెట్టూ దింపి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఎవరో నీళ్ళిచ్చారు. మాస్టారు తాగి, ఊపిరి పీల్చుకున్నాడు.

"అక్క ఎంత హడలిపోయేదో ఇప్పుడు తెలిసింది బావా. రెండు చేతులా దాన్నే పట్టుకుని, పక్కకి తిరిగి దిగేది. నేను కింద నిలబడి చూసేవాణ్ణి..."

మాట మధ్యలో ఆగిపోయింది.

"ఎప్పుడూ పట్టుకోలేదన్నావు," అన్నాడు వెల్డరు.

మాస్టారు గ్లాసులోకి చూశాడు. "అలా అంటేనే నువ్వు ఒప్పుకుంటావు. అసలు రూపం దక్కాలి కదా బావా."

వెల్డరు ఖాళీ గ్లాసు తీసుకుని బల్ల మీద పెట్టాడు. చెప్పులేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

చిక్కుడు కాపుకొచ్చాక మాస్టారు పెరటి గుమ్మం దగ్గర కనిపించాడు. పందిరి కిందికి వచ్చి పైపు మీద చెయ్యేశాడు.

"జనం భయపడుతున్నారు బావా. రెయిలింగ్ మళ్ళీ పెట్టాలని కమిటీ తీర్మానించింది. నువ్వే చెయ్యాలి."

"ముందు చెయ్యి తియ్యి."

తీశాడు.

"చిక్కుళ్ళు కావాలంటే కోసుకెళ్ళు. మీ అక్క తమ్ముడివి, కాదనను. ఆ మెట్ల ఊసు మాత్రం నా దగ్గర ఎత్తకు. బతికుండగా నేను ఎత్తను."

మాస్టారు చిక్కుళ్ళు కోసుకోకుండానే వెళ్ళాడు. వెల్డరు ముదిరిన కాయలు కోసి, తలుపేసుకున్నాడు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.